అనుమతి లేని చూపు

మదీనాలో ఒకసారి ఒక వ్యక్తి దైవప్రవక్త (స) ఇంటి తలుపుకున్న రంధ్రం గుండా లోపలికి తొంగి చూశాడు. అప్పుడు ఆయన (స) చేతిలో తల దువ్వుకునే ఇనుప దువ్వెన ఉంది. నీవు చూస్తున్నావని తెలిసి ఉంటే దీనితో నీ కంట్లో పొడిచేవాడినని ఆయన ఆ వ్యక్తిని మందలించారు. అనుమతి కోరాలన్న నియమం పెట్టబడింది చూపు కోసమేనని తెలియజేశారు. హజ్రత్ సహల్ బిన్ సాద్ (రజి) ఉల్లేఖించిన ఈ హదీసు బుఖారీ, ముస్లిం రెండింటిలోనూ ఉంది.

కాస్త నిదానంగా ఆలోచించండి. ఆ వ్యక్తి గడప దాటలేదు. ఏ వస్తువునూ ముట్టుకోలేదు. కేవలం చూశాడు. ఆ చూపే నేరమయింది. ఇస్తీజాన్, అంటే అనుమతి కోరటం అనే ఆదేశం గోడలను కాపాడటానికి కాదు, గోడల వెనక ఉన్న మనిషి మానమర్యాదలను కాపాడటానికి వచ్చింది.

ఈనాడు మన ఇళ్ళకు రెండో తలుపు ఒకటి వచ్చింది. అది సెల్‌ఫోను. ఆడపిల్లల ఫోటోలు, భార్యాభర్తల మాటలు, బ్యాంకు లెక్కలు, ఆధార్, పాస్‌పోర్టు నకళ్ళు అన్నీ దాని వెనకే ఉన్నాయి. మొదటి తలుపుకు గొళ్ళెం పెట్టే మనం రెండోదాన్ని బార్లా తెరచి ఉంచుతున్నాము.

ఇంటివారి మధ్య

నూర్ సూరా 27వ ఆయత్, ఇతరుల ఇళ్ళలోకి అనుమతి పొంది, సలాం చేసి ప్రవేశించాలని బోధిస్తోంది. అదే సూరా 58వ ఆయత్, సొంత ఇంట్లోని పిల్లలు సైతం ఫజ్ర్‌కు ముందు, మధ్యాహ్నం విశ్రాంతి వేళ, ఇషా తరువాత అనుమతి అడిగి రావాలంటోంది. ఒకే కప్పు కింద ఉన్నంత మాత్రాన హద్దులు చెరిగిపోవని దీని భావం. కోడలు వంటింట్లో ఉండగా ఆమె ఫోను తీసి, పుట్టింటివారితో ఏం మాట్లాడిందో చదవటం హుజురాత్ సూరా 12వ ఆయత్ వారించిన తజస్సుస్ (కూపీ లాగటం) కాక మరేమిటి?

అయితే చిన్నపిల్లల విషయం వేరు. వారి బాధ్యత గురించి తల్లిదండ్రులు దేవుని ముందు సమాధానం చెప్పుకోవలసి ఉంది. వారి ఫోనును గమనించటం పెంపకంలో భాగం. కాని ఆ సంగతి పిల్లలకు ముందే చెప్పి చేయాలి.

సంబంధం కోసం పంపిన ఫోటో

2021 జూలైలో ఒకసారి, 2022 జనవరి 1న మరోసారి మన దేశంలో కొందరు దుర్మార్గులు ముస్లిం స్త్రీల ఫోటోలను సోషల్ మీడియా నుండి దొంగిలించి, వారిని వేలం వేస్తున్నట్లుగా యాప్‌లు తయారుచేశారు. జర్నలిస్టులు, సామాజిక కార్యకర్తలు ఈ వేధింపుకు గురయ్యారు. పోలీసులు కొందరిని అరెస్టు చేశారు. నేరం దొంగిలించినవారిదే గాని ఆ సోదరీమణులది ఎంతమాత్రం కాదు.

మరి మనవాళ్ళే చేస్తున్న పని మాటేమిటి? ఒక తల్లి తన కూతురి ఫోటోను సంబంధం నిమిత్తం ఒకరికి పంపుతుంది. ఆ ఒకరు దాన్ని తమ గ్రూపులో పెడతారు. అక్కడి నుండి అది ఎవరెవరి చేతుల్లోకి పోతుందో ఎవరికీ తెలియదు. ఒక వ్యక్తి మాట చెబుతూ అటూ ఇటూ చూశాడంటే ఆ మాట అమానత్ అని దైవప్రవక్త (స) తెలిపారు (అబూ దావూద్, తిర్మిజీ). అటూ ఇటూ చూస్తూ చెప్పిన మాటే అమానత్ అయితే, నమ్మి పంపిన బిడ్డ ఫోటో మాటేమిటి? సంబంధం కుదరకపోతే దాన్ని తుడిచివేసి, ఆ విషయం వారికి తెలియజేయటం మన బాధ్యత.

వ్యాపారి వద్ద ఉన్న అమానత్

ఉమ్రా ప్రయాణాలు కుదిర్చేవారి ఫోన్లలో ఎన్నో కుటుంబాల పాస్‌పోర్టులుంటాయి. జిరాక్స్ షాపు కంప్యూటరులో ఊరివారి ఆధార్‌లుంటాయి. ఫోను రిపేరు చేసే సోదరుని ముందు ఒక ఇల్లు ఇల్లంతా తెరచి ఉంటుంది. అమానత్‌లను హక్కుదారులకు అప్పగించాలన్న నిసా సూరా 58వ ఆయత్ డబ్బూ నగలకే పరిమితం కాదు.

మన దేశపు చట్టం కూడా ఇప్పుడు ఈ మాటే అంటోంది. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కు అని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం తీర్పు చెప్పింది. 2023లో డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం వచ్చింది. 2025 నవంబరులో దాని నియమాలు ప్రకటించబడ్డాయి. ముఖ్యమైన బాధ్యతలకు 18 నెలల గడువు ఇవ్వబడింది. సమాచారాన్ని ఏ పనికోసం అడిగారో ఆ పనికే వాడాలి, పని తీరాక చెరిపివేయాలి. తగిన భద్రత కల్పించకపోతే 250 కోట్ల రూపాయల దాకా జరిమానా విధించవచ్చు. జరిమానా భయం సరే, ప్రళయదినాన జరిగే విచారణ భయం మనకు అంతకన్నా ముందుండాలి.

మోసగాడు తలుపు తట్టితే

వెళ్ళిపొమ్మంటే వెళ్ళిపోవాలని నూర్ సూరా 28వ ఆయత్ వచ్చినవానికి చెబుతోంది. అంటే వద్దనే హక్కు ఇంటివారికి ఉందన్నమాట. పోలీసులమని వీడియో కాల్‌లో బెదిరించి, 'డిజిటల్ అరెస్టు' చేశామనేవాడికి భయపడకండి. అటువంటి అరెస్టు మన చట్టంలోనే లేదు. ఓటీపీ, పిన్ ఎవరికీ చెప్పకండి. డబ్బు తీసుకోవటానికి యూపీఐ పిన్ అవసరమే ఉండదు. ఈమధ్య ఆప్తుల గొంతును కూడా కంప్యూటరుతో అనుకరించి డబ్బు అడుగుతున్నారు. వార్త వస్తే నిర్ధారించుకోమన్న హుజురాత్ సూరా 6వ ఆయత్‌ను ఇక్కడ గుర్తుచేసుకోండి. ఆ కాల్ కట్ చేసి, మీకు తెలిసిన నంబరుకు మీరే ఫోన్ చేయండి. ఒకవేళ మోసపోతే సిగ్గుపడి దాచకుండా వెంటనే 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చెబితే డబ్బు ఆగే అవకాశం అంత ఎక్కువ.

సోదర సోదరీమణులారా! ఈ రోజే మన ఫోను ఒకసారి తెరచి చూద్దాం. ఇతరుల ఫోటోలు, పత్రాలు అవసరం తీరినా మన దగ్గర మిగిలి ఉంటే తుడిచివేద్దాం. మన చూపునూ, మన చేతిలోని అమానత్‌లనూ కాపాడుకునే సద్బుద్ధిని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.