బీచింగ్ కోత: మూసిన స్టేషన్లు, తెరిచిన స్టేషన్లు

బ్రిటన్ స్థానిక స్టేషన్ల గురించి అడిగితే ముందు గుర్తుకు రావాల్సిన పేరు రిచర్డ్ బీచింగ్. బ్రిటిష్ రైల్వేస్ బోర్డు ఛైర్మన్‌గా 1963 మార్చిలో ఆయన ఇచ్చిన నివేదిక 2,363 స్టేషన్లను, సుమారు 5,000 మైళ్ల మార్గాన్ని మూసేయమంది. కారణం నష్టాలు. సిఫారసు చేసినవన్నీ మూతపడలేదు. పోటీ పరీక్షల బిట్లలో మెలిక పెట్టడానికి అనువైన చోటు ఇదే.

మూసినవాటిలో కొన్నింటిని తిరిగి తెరిచేందుకు 2020 జనవరిలో 50 కోట్ల పౌండ్లతో ‘రిస్టోరింగ్ యువర్ రైల్వే’ నిధిని ప్రారంభించారు. దీని తొలి ఫలితం డెవన్‌లోని ఓక్‌హాంప్టన్. అక్కడ 1972లో ఆగిన రోజువారీ రైళ్లు 2021 నవంబరు 20న మళ్లీ మొదలయ్యాయి. 2024 జులైలో కొత్త ప్రభుత్వం ఈ కార్యక్రమాన్ని రద్దు చేసింది. అయినా, 1964 నుంచి ప్రయాణికుల రైళ్లు లేని ఆషింగ్టన్ పట్టణంలో 2024 డిసెంబరు 15న స్టేషన్ తెరుచుకుంది. రద్దు నాటికే అక్కడ పనులు చాలా దూరం సాగాయి మరి.