ఏది కళ? ఏది చేతిపని?



హబ్సిగూడలో ఉప్పల్ రోడ్డు మీద సి.సి.ఎం.బి. అనే జీవశాస్త్ర పరిశోధనా సంస్థ ఉన్నదని మీకు తెలుసు. అక్కడ గోడ మీద ఎం.ఎఫ్. హుస్సేన్ వేసిన పెద్ద చిత్రం ఒకటి ఉంది. ఆ హుస్సేనే యౌవనంలో బొంబాయిలో పొట్టకూటి కోసం సినిమా హోర్డింగులకు రంగులు వేశాడు. మనిషి ఒక్కడే, చెయ్యీ ఒక్కటే. అయినా గోడ మీది బొమ్మను కళ అంటాము, హోర్డింగును పని అంటాము. ఎందుకు? ఒక వస్తువు కళగా లెక్కకు రావడానికి ఏమి కావాలి? ఈ వారం ఈ ప్రశ్నను కలిసి పరిశీలిద్దాం.

ధర, పేరు, పోలిక

"ఖరీదైనది, పేరున్నవాడు చేసినది, చూడగానే ఫలానా అని గుర్తుపట్టగలిగినది కళ" అని చాలామంది అనుకుంటారు. ఈ కొలత చాలదని ఒక కోర్టు కేసు తేల్చింది. రుమేనియాలో పుట్టిన శిల్పి బ్రంకూసీ చేసిన "ఆకాశంలో పక్షి" అనే కంచు శిల్పం 1926లో న్యూయార్కు చేరింది. కళాఖండానికి సుంకం లేదు. కాని సుంకం అధికారులకు అందులో రెక్కలు కనబడలేదు, ముక్కు కనబడలేదు. వంటింటి సామాను వంటి లోహపు వస్తువుల జాబితాలో చేర్చి, 40 శాతం సుంకం విధించారు. వ్యాజ్యం నడిచింది. పక్షిని పోలి ఉండకపోయినా, శిల్పి స్వయంగా రూపొందించిన అందమైన సృష్టి గనుక అది కళేనని 1928లో కోర్టు తీర్పు చెప్పింది. పోలిక లేనంత మాత్రాన కళ కాకుండా పోదన్నమాట.

పెద్దల మాట

పదమూడవ శతాబ్దంలో పునీత థామస్ అక్వినాస్ గారు కళను చాలా సరళంగా వివరించారు. చేయవలసిన వస్తువును సరిగా చేయగల తెలివే కళ అన్నారు. ఆయన లెక్కలో వడ్రంగికీ చిత్రకారుడికీ మధ్య గోడ లేదు. పనివాడి కోరిక ఎంత గొప్పదని కాదు, చేసిన వస్తువు ఎంత బాగున్నదని చూడాలి. "లలిత కళలు" ఒకవైపు, "చేతిపనులు" ఒకవైపు అనే విభజన ఐరోపాలో స్థిరపడింది పద్దెనిమిదవ శతాబ్దంలోనే. అంటే మనం అనాదిగా ఉన్నదనుకునే ఈ గీత నిజానికి నిన్న మొన్నటిది.

చేర్యాల పటం

ఇప్పుడు మన తెలంగాణకే వద్దాం. సిద్దిపేట జిల్లా చేర్యాలలో నకాషీలు పటాలు రాస్తారు. ఖద్దరు గుడ్డకు గంజి, సుద్దమట్టి, చింతగింజల జిగురు కలిపి పూస్తారు. ఆరిన తర్వాత దాని మీద ఎర్రని నేపథ్యంలో కథను వరుసగా, గడులు గడులుగా చిత్రిస్తారు. ఇది గోడకు తగిలించుకోవడానికి పుట్టినది కాదు. పద్మశాలీలకు కూనపులివారు, గౌడులకు గౌడజెట్టీలు, మాదిగలకు డక్కలివారు ఊరూరా పటం విప్పి ఆయా కులాల పురాణం పాడి చెప్పేవారు. రాసినవాడు, పాడినవాడు, విన్న ఊరు కలిస్తేనే ఆ పటం పూర్తి అయ్యేది. చాలా పటాల మీద చిత్రకారుడి సంతకం ఉండదు. అందుకని అది కళ కాకుండా పోయిందా?

క్రీ.శ. 600 ప్రాంతంలో మహా గ్రెగోరి పాపుగారు మర్సెయి పీఠాధిపతి సెరెనుస్‌కు ఇటువంటి సంగతే రాశారు. ఆ పీఠాధిపతి దేవాలయంలోని బొమ్మలను పగులగొట్టించారు. బొమ్మలను ఆరాధించకూడదన్నది నిజమే గాని, చదువురానివారికి బొమ్మే పుస్తకమని, వాటిని పాడుచేయడం తగదని పాపుగారు ఆయనను మందలించారు. వాడుకలో ఉండటం కళకు తక్కువ కాదని ఈ రెండు ఉదాహరణలూ చెబుతున్నాయి.

మన కొలత

కాబట్టి ఏ వస్తువునైనా మూడు ప్రశ్నలు అడుగుదాం. చేసినవాడు ప్రతి గీతనూ శ్రద్ధగా ఎంచుకున్నాడా? ఆ వస్తువు మనకు ఏదైనా చెబుతోందా? చూసినకొద్దీ ఇంకా చూడాలనిపిస్తుందా? ఈ కొలతకు తెల్లవారుజామున వాకిట్లో వేసిన ముగ్గు నిలుస్తుంది, సాయంత్రానికి చెరిగిపోయినా సరే. కంప్యూటరులో దొరికిన నాలుగు బొమ్మలు ఆలోచన లేకుండా అతికించి అచ్చువేసిన ఫ్లెక్సీ ఎంత పెద్దదైనా నిలవదు. తప్పు యంత్రానిది కాదు. శ్రద్ధ పెట్టిన మనిషి లేకపోవడమే లోటు.

ఇది మాటల తగాదా మాత్రమే అనుకోకండి. "కళ" అన్నప్పుడు అడిగిన ధర ఇస్తాము. "చేతిపని" అన్నప్పుడు సగానికి బేరమాడతాము. ఆ ఒక్క మాట మీద ఒక కుటుంబం అన్నం ఆధారపడి ఉంటుంది. గిట్టుబాటు కానప్పుడు ఆ ఇంటి పిల్లలు కుంచె పట్టరు. అప్పుడు మనం కోల్పోయేది ఒక పటాన్ని కాదు, పటం రాయగల చేతిని.

ఇంట్లో చర్చించండి

1. మీ ఇంట్లో చేత్తో చేసిన వస్తువులు ఏవి? వాటిని చేసినవారెవరో మీ పిల్లలకు తెలుసా?

2. ఈసారి క్రిస్మసు పశువులపాకను కొని తేవడానికి బదులు పిల్లలచేత చేయిస్తే, అందులో ఏ భాగానికి వారు ఎక్కువ శ్రద్ధ పెడతారు?

3. పోయినసారి ఏ పనివాని దగ్గర బేరమాడారు? ఆ పనికి మీరే ఎన్ని గంటలు పడతాయో లెక్కవేసి చూడండి.