పట్టికను ప్రశ్నించుట: ఖాళీ గడి సంగతి

పాఠశాలలో ప్రవేశ పుస్తకమను పెద్ద పుస్తకమొకటి యుండుట విద్యార్థులందరును ఎరిగినదే. అందు అడ్డువరుసకు ఒక బాలుడో బాలికయో. నిలువు వరుసలలో పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ, గ్రామము. ఇట్టి పట్టికలనే కంప్యూటరులో నుంచినచో దానిని డేటాబేసు అందురు. పట్టికల రూపమున నున్న సమాచారమును గణితపద్ధతిని విచారింపవచ్చునని 1970లో ఐబీఎం సంస్థలో పనిచేయుచుండిన ఎడ్గర్ కాడ్ ఒక వ్యాసమున చూపెను. 1974లో ఆ సంస్థవారే యగు చాంబర్లిన్, బాయిస్ అను నిరువురు పట్టికలను ప్రశ్నించుటకొక భాషను ప్రకటించిరి. నేటి ఎస్‌క్యూఎల్ దానినుండి పుట్టినదే.

ఆ భాషలో నేరుగా ప్రశ్న వ్రాయవచ్చును. లేదా మనము వాడు ప్రోగ్రామింగు భాషలోనే ప్రశ్నను కూర్చి యిచ్చు లైబ్రరీని వాడవచ్చును. లైబ్రరీ యనగా ఇచ్చట పుస్తకశాల కాదు. ఇతరులు ముందే వ్రాసి యుంచిన పనిముట్ల పెట్టె. నేను వాడినది ఎలిక్సిర్ భాషలోని ఎక్టో అనునది. ఎలిక్సిర్‌ను బ్రెజిల్ దేశీయుడగు జోసె వలీం నిర్మించెను, దాని 1.0 కూర్పు 2014లో వెలువడెను. జావా, పైథాన్ భాషలవలె అది విరివిగా వాడుకలో లేదు. కావున సందేహము కలిగినపుడు పొరుగువారి నడిగి తెలిసికొనుట కష్టము. పుస్తకమును తానే నిదానముగా చదువవలెను. ఇది నాకు మేలే చేసినది.

ఎక్టోలో ప్రశ్న మూడు ముక్కలుగా నుండును. ‘ఫ్రమ్’ అను మాట తరువాత పట్టిక పేరు, ‘వేర్’ తరువాత షరతు, ‘సెలెక్ట్’ తరువాత కావలసిన నిలువు వరుస. తెలుగున చెప్పినచో, “విద్యార్థుల పట్టికనుండి, గ్రామము ఇబ్రహీంపట్నమైన వారి, పేర్లు తెమ్ము” అని యర్థము. గ్రామము పేరు బయటినుండి వచ్చునదైనచో దానిముందు ఒక గుర్తు పెట్టవలెను. వ్రాతలో విడిచిన మాటను చేర్చుటకు మనము పెట్టు హంసపాదమువంటిదే ఆ గుర్తు. అది పెట్టిన విలువ ప్రశ్నలో కలిసిపోక వేరుగా డేటాబేసునకు చేరును. ఎవడైన దుర్బుద్ధితో గ్రామము పేరునకు బదులుగా “పట్టికను చెరిపివేయుము” అను ఆజ్ఞను వ్రాసినను, యంత్రము దానిని ఒక వింత ఊరిపేరుగానే యెంచును.

ఇంత భద్రమైన పనిముట్టు చేతనుండగా నేను తప్పు చేసితిని. పట్టణమున నుండు పిల్లల చిట్టా యొకటి, వెలుపలి గ్రామములనుండి వచ్చువారి చిట్టా యొకటి కావలసియుండెను. రెండవది బస్సు పాసుల దరఖాస్తులకై. మొదటి ప్రశ్నకు “గ్రామము ఇబ్రహీంపట్నము” అనియు, రెండవదానికి “గ్రామము ఇబ్రహీంపట్నము కానిది” అనియు షరతు పెట్టితిని. చిట్టాలు గోడకు అంటించిన మరునాడు కూలిపని చేసికొను తండ్రి యొకడు వచ్చి, “సారూ, మా పిల్ల పేరు ఏ కాయిదంల లేదు. బడిల పేరు తీసేసిన్రా?” అని యడిగెను. ఆ బాలిక బడికి వచ్చుచునే యుండెను. వెదకి చూడగా ప్రవేశపు నాడు ఆమె గ్రామపు గడిని ఎవరో ఖాళీగా విడిచిరి.

ఇచ్చట నిలిచి ఆలోచింపుడు. పదిమంది పిల్లలలో నలుగురికి ఇబ్రహీంపట్నము, నలుగురికి వేరు గ్రామములు, ఇద్దరికి ఖాళీ గడులు ఉన్నవనుకొందము. ‘అగును’ అను చిట్టాలో నలుగురు, ‘కాదు’ అను చిట్టాలో ఆరుగురు రావలెనని మనకు తోచును. కాని రెండింటను నలుగురే వత్తురు. ఏలయన ఎస్‌క్యూఎల్‌కు సత్యము, అసత్యము గాక ‘తెలియదు’ అను మూడవ జవాబు కలదు. ఖాళీ గడిని దేనితో పోల్చినను వచ్చు జవాబదే. ‘వేర్’ అను షరతు సత్యమైన వరుసలను మాత్రమే తెచ్చును. తక్కినవానిని మాటాడక విడుచును.

ఎక్టో ఇందు కొంత కాపాడును. హంసపాదముతో మనమిచ్చు విలువయే శూన్యమైనచో, అట్టి పోలిక అపాయకరమని చెప్పి ప్రశ్నను నిలిపివేయును. ‘ఈజ్ నిల్’ అను మాటతో విడిగా అడుగుమనును. కాని పట్టికలోపలి గడి ఖాళీయగుటను అది ముందుగా చూడజాలదు. నా సందర్భమున నేనిచ్చిన విలువ సరియైనదే. కావున ఏ హెచ్చరికయు రాలేదు. “గ్రామము ఇబ్రహీంపట్నము కానిది, లేదా ఖాళీయైనది” అని షరతును పెంచవలసి యుండెను.

గడిని ఖాళీగా విడువరాదని డేటాబేసులోనే నియమము పెట్టవచ్చునుగదా యని పై తరగతివారు అడుగుదురు. పెట్టవచ్చును. అయితే తొందరలో నున్న గుమాస్తా అందొక చుక్క పెట్టి ముందుకు సాగును; అపుడు చుక్క యను గ్రామమొకటి పుట్టును! తెలియనిదానిని తెలియదని చూపు ఖాళీ గడియే అంతకంటె మేలని నా యభిప్రాయము. పేరు వ్రాసినను చిక్కు తీరదు. ‘ఇబ్రహీంపట్నం’, ‘ఇబ్రహీం పట్నం’ అని ఇరువురు వ్రాసిన యంత్రమునకవి రెండూళ్లు. అదిగాక ఈ పేరుగల ఊరు జగిత్యాల జిల్లాలో నొకటి, విజయవాడ చెంత నొకటి కలవు. గ్రామమునకొక సంఖ్య నిచ్చుట మంచిది.

ఇప్పుడు నేను ఏ చిట్టా తీసినను, ‘అగును’ అన్నవారిని ‘కాదు’ అన్నవారిని కూడి మొత్తముతో సరిచూచుచున్నాను. సరిపోనిచో మూడవ చిట్టా తీయుచున్నాను. ఆనాడు అట్టి చిట్టాలో మరియొక బాలిక పేరును కనబడినది. మొదటి బాలిక తండ్రిని ఊరేదని యడిగితిమి. “రాయపోల్” అని చెప్పి, మేము దానిని వ్రాయువరకు బల్లయొద్దనే నిలుచుండెను.