పేరు కాలేజీలో, పైసలు పెళ్లిలో

వరంగల్, హనుమకొండ, కాజీపేట కలిసిపోయిన ఊరికి విద్యార్థులే పెద్ద సందడి. 1959లో ఆర్‌ఈసీగా మొదలై తర్వాత ఎన్‌ఐటీ అయిన కాలేజీ, అదే ఏడాది వచ్చిన కాకతీయ మెడికల్ కాలేజీ, 1976 నాటి కాకతీయ యూనివర్సిటీ, వాటి వెనకే పుట్టుకొచ్చిన ప్రైవేటు ఇంజినీరింగ్ కాలేజీలు, నయీంనగర్‌లో వరసగా కనిపించే ఇంటర్ కాలేజీలు. ఫ్రెషర్స్ డే కానీ, ఫేర్‌వెల్ కానీ, ఏ వేడుకకైనా చివరి గంట డీజేదే. ఆ గంటసేపు స్టేజీ మీదున్న కుర్రాడికి వచ్చే ఈలలు, కేకలు చూసి ప్రతి బ్యాచ్‌లోనూ ఇద్దరు ముగ్గురికి అనిపిస్తుంది: ఇదే పనిగా పెట్టుకుంటే ఎలా ఉంటుంది? అడిగితే పెద్దవాళ్లలో కొందరు ‘అదీ ఒక పనేనా’ అని కొట్టిపారేస్తారు. కొందరు ‘నీకు నచ్చింది చెయ్’ అని దీవించి ఊరుకుంటారు. రెండు మాటల్లోనూ లెక్క లేదు. ఈ పనిలో పేరు వచ్చే చోటు వేరు, డబ్బు వచ్చే చోటు వేరు. రెండూ ఒకటే అనుకుని దిగినవాళ్లు దెబ్బతింటారు. తేడా తెలిసి దిగినవాళ్లకు ఇది బతుకుదెరువే, అది కూడా పాటలు వేసే పనిగా కాదు, సౌండ్ నడిపే వ్యాపారంగా.

ముందు క్యాలెండర్ చూడాలి. కాలేజీ వేడుకలన్నీ కలిపినా ఏడాదిలో కొన్ని రోజులే. పైగా అక్కడ బడ్జెట్ కమిటీ చేతిలో ఉంటుంది, ఆ కమిటీ ఏటా మారుతుంది, మిగిలిన డబ్బు ఇవ్వాల్సిన సీనియర్ అప్పటికి ప్లేస్‌మెంట్ వచ్చి బెంగళూరు వెళ్లిపోయి ఉంటాడు. ఎన్‌ఐటీ స్ప్రింగ్‌స్ప్రీ లాంటి పెద్ద ఫెస్ట్‌లో ముఖ్యమైన రాత్రికి బయటి ఊరి కళాకారులనే పిలవాలని విద్యార్థులు కోరుకోవడం సహజం. ఊరి డీజేకి మిగిలేది చిన్న కార్యక్రమం, లేదంటే సౌండ్ పని. నిలకడగా డబ్బు వచ్చేది పెళ్లిళ్లలో: హల్దీ, సంగీత్, బరాత్, రిసెప్షన్. అంటే ఈ వృత్తికి అసలు మేనేజరు పంచాంగం. మాఘం, ఫాల్గుణం, వైశాఖం, జ్యేష్ఠం, శ్రావణం, కార్తీకం బాగుంటాయి. ఆషాఢం, పుష్యం ఖాళీ. భాద్రపదంలో పెళ్లిళ్లు లేకపోయినా వినాయక చవితి ఉంటుంది. ధనుర్మాసంలో ముహూర్తాలు లేకపోయినా డిసెంబరు 31 ఉంటుంది. గురు మూఢమో శుక్ర మూఢమో వచ్చిందంటే మంచి నెలలు కూడా ఎండిపోతాయి. నెల జీతం అలవాటైన ఇంట్లో పెరిగినవాడికి మొదట అర్థంకాని సంగతి ఇదే. వైశాఖంలో చేతికొచ్చిన డబ్బుతో ఆషాఢం గడవాలి, ఈఎంఐ మాత్రం ఏ నెలా ఆగదు. ఇంకో చిక్కు విద్యార్థులకు మరీ ముఖ్యం. ఎండాకాలపు ముహూర్తాలూ సెమిస్టర్ పరీక్షలూ చాలాసార్లు ఒకే వారాల్లో వచ్చిపడతాయి.

ఒక లెక్క వేసి చూద్దాం. ఊహించిన అంకెలే, కానీ పద్ధతి కోసం అవసరం. బరాత్‌కి 25,000 మాట్లాడుకున్నారనుకోండి. బేసు, టాపు స్పీకర్లు, ఆంప్లిఫయర్లు, లైట్లు సొంతం కాకపోతే అద్దెకే అందులో సగం పోతుంది. బండి, జనరేటర్ డీజిల్, సామాను ఎక్కించి దించే నలుగురి కూలీ, వాళ్ల భోజనం తీసేస్తే 5,000 మిగిలితే గొప్ప. బరాత్ మూడు గంటలే, కానీ మధ్యాహ్నం లోడింగ్ మొదలై అర్ధరాత్రి దాటాక సామాను షెడ్డు చేరేసరికి పన్నెండు గంటలు. అడ్వాన్స్ తీసుకోకుండా వెళ్తే ఆ మిగిలేది కూడా అనుమానమే. ఇక్కడ డబ్బు ఎవరికి నిలుస్తోందో చూడండి: కన్సోల్ వెనక ఉన్నవాడికి కాదు, సౌండ్ సెట్టు ఎవరిదో వాళ్లకి. అలాగని మొదటి ఏడాదే అప్పు చేసి సెట్టు కొనమని కాదు. మొదలుపెట్టడానికి ఒక చిన్న కంట్రోలర్, లాప్‌టాప్, మంచి హెడ్‌ఫోన్స్ చాలు. కంట్రోలర్ బైక్ కంటే చౌక. సెట్టు మాత్రం అద్దెకు ఎన్నిసార్లు తెచ్చారో, ఎంత కట్టారో ఏడాది పాటు పుస్తకంలో రాసి, ఆ మొత్తం ఈఎంఐని దాటినప్పుడే కొనాలి.

ఇక పని విషయం. రెండు పాటల వేగం కలపడం, అంటే బీట్ మ్యాచింగ్, ఒకప్పుడు ఏళ్ల తరబడి చేసే సాధన. ఇప్పుడు సెరాటో, రికార్డ్‌బాక్స్, వర్చువల్ డీజే ఏది తెరిచినా సింక్ బటన్ ఆ పని చేసిపెడుతుంది. అందుకే చాలామంది అడుగుతారు: ఫోన్‌లో ప్లేలిస్ట్ ఉంది, రేపు ఏఐ పాటలు కలుపుతుంది, డీజే ఎందుకు? నిజమే, పాట వెనక పాట వేయడం మాత్రమే తెలిసినవాడికి రోజులు దగ్గరపడ్డాయి. కానీ ఈ ఊళ్లో జనం ఒక్కలాంటివాళ్లు కాదు. ఎన్‌ఐటీలో సగం సీట్లు ఇతర రాష్ట్రాల వాళ్లవి, అక్కడ హిందీ, పంజాబీ పాటలు లేకుండా నడవదు. ఇంటర్ కాలేజీలో కొత్త తెలుగు సినిమా మాస్ పాటే కావాలి. నర్సంపేట వైపు పెళ్లిలో జానపదం పడకపోతే పెళ్లికొడుకు మేనమామ అలుగుతాడు, మహబూబాబాద్ తండాల్లో బంజారా పాటలు లేనివాడిని రెండోసారి పిలవరు. వీటన్నిటి కిందా తీన్మార్ దరువు ఉంటుంది. డప్పు నుంచి బ్యాండ్ మేళానికి, అక్కడి నుంచి డీజేకి వచ్చిన నడక అది. ఎప్పుడు దరువు పెంచాలి, పెద్దవాళ్లు కాళ్లు నొప్పి పుట్టి పక్కకు జరుగుతుంటే ఎప్పుడు పాతపాట వేసి వాళ్లను వెనక్కి రప్పించాలి, తాగి వచ్చి అదే పాట నాలుగోసారి అడిగేవాడికి గొడవ కాకుండా ఎలా కాదని చెప్పాలి, ఇవేవీ సింక్ బటన్‌కి తెలియవు. జనరేటర్ ఆగితే ఏం చేయాలి, మైకు ఎందుకు కూస్తోంది, హాలు చివర మాట ఎందుకు అర్థం కావడం లేదు, ఇవి ఇంకా తెలియవు. కాబట్టి నేర్చుకునే సమయంలో ఎక్కువ భాగం రికార్డును ముందుకీ వెనక్కీ తిప్పి చప్పుడు చేసే స్క్రాచింగ్ వీడియోల మీద కాక మిక్సర్, ఈక్యూ, కేబుళ్లు, ఎర్తింగ్ మీద పెట్టమని చెప్పాల్సి వస్తోంది. స్క్రాచింగ్ సరదాగా ఉంటుంది, కాదనను. దానికి డబ్బిచ్చే పెళ్లివారు ఈ ఊళ్లో అరుదు.

గట్టిగా వినిపించే అభ్యంతరం ఇంకొకటి: ఎప్పుడు నిషేధిస్తారో తెలియని పని ఇది, 2024 అక్టోబరులో హైదరాబాద్ పోలీసులు మతపరమైన ఊరేగింపుల్లో డీజే సౌండ్ సిస్టమ్స్ వద్దన్నారు కదా అని. ఆ భయంలో నిజం ఉంది. కానీ ఆ ఆంక్ష వెనకున్న కారణాన్ని తీసిపారేయలేం. గుండె జబ్బువాళ్లు, పసిపిల్లలు ఉన్న వీధిలో బేసు బండి నిలబెట్టి కిటికీలు అదరగొడుతుంటే ఫిర్యాదు రాకుండా ఎలా ఉంటుంది? శబ్ద కాలుష్య నియమాలు 2000 నుంచే ఉన్నాయి. నివాస ప్రాంతంలో పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45 పరిమితి. బహిరంగ స్థలంలో లౌడ్‌స్పీకర్ పెడితే సరిహద్దు దగ్గర ఆ ప్రాంతపు పరిమితికి 10 కలిపిన అంకె గానీ 75 గానీ, ఏది తక్కువైతే అంత. ఇళ్ల మధ్య పగటిపూట అది 65 దగ్గరే ఆగుతుంది. రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా ఆరుబయట లౌడ్‌స్పీకర్ కుదరదు. పండగలకు ప్రభుత్వం ఏడాదికి 15 రోజులు మించకుండా అర్ధరాత్రి దాకా సడలించవచ్చు. ఆసుపత్రులు, కోర్టులు, విద్యాసంస్థల చుట్టూ కనీసం 100 మీటర్లు నిశ్శబ్ద మండలంగా ప్రకటించే వీలుంది. అంటే చదువుల ఊళ్లో డీజేకి పని ఇచ్చేదీ కాలేజీలే, అడ్డుగీత గీసేదీ కాలేజీలే. అందుకే నిషేధాల వల్ల ఈ వృత్తి పోతుందనే వాదనకు జవాబు ఇలా ఉంటుంది: చప్పుడు అమ్మేవాడి పని పోతుంది, సౌండ్ తెలిసినవాడి పని హాలు లోపలికి మారుతుంది. తక్కువ వాల్యూమ్‌లో హాలంతా సమానంగా వినిపించేలా స్పీకర్లు అమర్చగలవాడి అవసరం ఆంక్షలు పెరిగేకొద్దీ పెరుగుతుంది. పోలీసు అనుమతి ఎవరు తేవాలో, పది గంటలకు ఆపడం ఎవరి బాధ్యతో అడ్వాన్స్ తీసుకున్నప్పుడే కాగితం మీద రాసుకోవాలి. కేసు పడితే సీజ్ అయ్యే సామాను పెళ్లివారిది కాదు.

కాపీరైట్ సంగతి కుర్రాళ్లు బొత్తిగా పట్టించుకోరు. చట్టంలోని 52వ సెక్షన్ ప్రకారం మతపరమైన వేడుకల్లో, పెళ్లి ఊరేగింపులో, పెళ్లికి సంబంధించిన ఇతర సంబరాల్లో పాటలు వేయడం ఉల్లంఘన కాదు. 2023 జులైలో కేంద్రం ఈ విషయాన్ని బహిరంగ ప్రకటనతో మళ్లీ స్పష్టం చేసింది. న్యూ ఇయర్ పార్టీకీ రెస్టారెంటుకీ ఆ మినహాయింపు వర్తించదు, అక్కడ నిర్వాహకులు లైసెన్స్ తీసుకోవాలి. సినిమా పాటకి తీన్మార్ బీటు కలిపి యూట్యూబ్‌లో పెట్టడం మరో సంగతి. లక్షల వ్యూస్ వచ్చినా ఆ పాట మీది కాదు, ఆడియో కంపెనీ అడిగిన రోజు ఆదాయం వాళ్లకి పోతుంది, లేదా వీడియోనే పోతుంది.

దీన్ని ఒప్పుకుంటూనే కొందరు అంటారు: మాకు బరాతులు వద్దు, మేం ఆర్టిస్టులం, సొంత సంగీతం చేస్తాం. మంచిదే. అయితే న్యూక్లియా పేరుతో తెలిసిన ఉద్యన్ సాగర్ దారి ఒకసారి చూడాలి. దేశమంతా తెలిసిన ఈ ఎలక్ట్రానిక్ సంగీతకారుడు వీధి ఊరేగింపుల దరువులనే తన ముడిసరుకు చేసుకున్నాడు. 2015లో ‘బాస్ రాణి’ ఆల్బమ్‌ను ముంబయిలో గణేశ్ నిమజ్జనం రోజునే విడుదల చేసి, ఉచితంగా డౌన్‌లోడ్ చేసుకోనిచ్చాడు. కాబట్టి బరాతుకీ సొంత సంగీతానికీ పడదు అనేది ఊహే. ఊరి జానపద గాయకుడితో ఒప్పందం రాసుకుని, పాట రాసినవాళ్లకు వాటా ఇచ్చి, సొంత ట్రాక్ చేస్తే అది మీ ఆస్తి. కానీ దాని మీద బతకడం కొద్దిమందికే సాధ్యం, మిగతావాళ్లకు అది విజిటింగ్ కార్డు లాంటిది. 2022లో వచ్చిన ‘డీజే టిల్లు’ ఈ పనికి మంచి గ్లామర్ తెచ్చింది. కేబుల్ చుట్టడం ఏ సినిమాకూ కథ కాదు కనుక ఆ భాగం ప్రేక్షకులు చూడలేదు. అమ్మాయిలకు ఈ రంగంలో అడ్డంకులు ఇంకా ఎక్కువే. అర్ధరాత్రి ప్రయాణం, అందరూ మగవాళ్లే ఉన్న బృందం మామూలు ఇబ్బందులు కావు. హల్దీ లాంటి పగటి వేడుకలు, సొంత వాహనం, తెలిసిన ఇద్దరు సహాయకులు ఉంటే దారి కొంత సులువవుతుంది.

చెవుల గురించి ఎవరూ చెప్పరు. అమెరికాలోని వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ సిఫారసు ప్రకారం 85 డెసిబెల్స్ దగ్గర ఎనిమిది గంటలు పనిచేయవచ్చు. ఆపైన ప్రతి 3 డెసిబెల్స్‌కీ సమయం సగమైపోతుంది. 100 దగ్గరికి వచ్చేసరికి మిగిలేది 15 నిమిషాలు. బేసు బండి పక్కన మూడు గంటలు నిలబడే కుర్రాడు ఎక్కడున్నాడో లెక్కేసుకోవచ్చు. పోయిన వినికిడి తిరిగి రాదు, వినికిడి పోయిన సౌండ్ మనిషికి పని కూడా రాదు. ఇయర్‌ప్లగ్స్ పెట్టుకుంటే నామోషీ అనుకునే స్నేహితులను పట్టించుకోనక్కర్లేదు.

చివరికి తల్లిదండ్రుల ప్రశ్న: ఇరవై రెండేళ్లకి బాగానే ఉంటుంది, నలభై ఏళ్లకి ఏం చేస్తాడు? ఇది దులిపేసుకునే ప్రశ్న కాదు. నలభై ఏళ్లవాడు తెల్లవారుజాము దాకా కన్సోల్ దగ్గర నిలబడలేడు, నిలబడినా ఇరవై ఏళ్లవాళ్ల పాటలు అతనికి పట్టుబడవు. ఆ వయసుకి అతను సెట్టు యజమానో, హాళ్లకు సౌండ్ అమర్చే కాంట్రాక్టరో, ఈవెంట్ మేనేజరో, స్టూడియోలో సౌండ్ ఇంజినీరో అయి ఉండాలి. వీటిలో చివరిదానికి డిగ్రీ అక్కరకొస్తుంది. పుణె ఎఫ్‌టీఐఐ, కోల్‌కతా సత్యజిత్ రే ఇన్‌స్టిట్యూట్‌లలో సౌండ్ కోర్సులు మూడేళ్లవి, గ్రాడ్యుయేషన్ పూర్తయినవాళ్లకే ప్రవేశం. సొంత వ్యాపారమైతే ఉద్యమ్ రిజిస్ట్రేషన్‌కి పైసా ఖర్చు లేదు, సేవల టర్నోవర్ ఏడాదికి 20 లక్షలు దాటితే జీఎస్టీ తప్పదు. అందుకని చదువు మానేసి దిగమని ఎవరికీ చెప్పలేం. చదువు నడుస్తుండగానే రెండు పెళ్లి సీజన్లు పని చేసి, ఖర్చులు పోగా ఎంత మిగిలిందో, పాత కస్టమర్ పంపిన కొత్త కస్టమర్లు ఎంతమందో పుస్తకంలో చూసుకుంటే ఫైనలియర్‌కి నిర్ణయం దానంతటదే తేలుతుంది. అప్పటికీ ఫోన్ చేస్తున్నది క్లాస్‌మేట్లు మాత్రమే అయితే దీన్ని సరదాగా ఉంచుకుని ప్లేస్‌మెంట్‌కి తయారవడం మంచిది.

పని నేర్చుకోవడానికి ఊళ్లో పాత సౌండ్ సిస్టమ్ యజమాని దగ్గర చేరడం కంటే మంచి దారి కనిపించదు. వెళ్లే సమయం మాత్రం చూసుకోవాలి. వైశాఖంలో వెళ్తే సామాను మోయిస్తారు, నేర్పే తీరిక ఎవరికీ ఉండదు. ఆషాఢంలో బండ్లన్నీ షెడ్డులోనే ఉంటాయి. చినిగిన స్పీకర్ కోన్లు మార్చడం, తెగిన కేబుళ్లు సోల్డర్ చేయడం, ఆంప్లిఫయర్లు విప్పి దుమ్ము దులపడం అప్పుడే జరుగుతుంది. యజమాని కూడా అప్పుడే కుర్చీ వేసుకుని కూర్చుని, అడిగినదానికి జవాబు చెబుతాడు.