రెండు సంకేతాలు అందితేనే యుద్ధం

కాలికి ముల్లు గుచ్చుకుని చీము పడితే గజ్జల్లో బిళ్ళ కట్టడం మీకు అనుభవమే. ఆ బిళ్ళ నిజానికి వాచిన లింఫు గ్రంథి. అక్కడ ఏమి జరుగుతుందో చూద్దాం.

చర్మంలో కాపలా ఉండే డెండ్రైటిక్ కణం సూక్ష్మజీవిని మింగి, ముక్కలు చేసి, ఆ గ్రంథికి చేరుకుంటుంది. (చెట్టు కొమ్మల్లా చేతులు చాచే ఈ కణాన్ని 1973లో ఎలుక ప్లీహంలో గుర్తించినవారు రాల్ఫ్ స్టైన్‌మన్, జాన్విల్ కోన్.) అక్కడ ఒక ముక్కను ఎమ్.హెచ్.సి. అనే ప్రోటీను మీద ఉంచి టి-కణాలకు చూపుతుంది. తగిన టి-కణం దాన్ని పట్టుకుంటుంది. ఇది మొదటి సంకేతం.

ఇంతటితో యుద్ధం మొదలవుతుందా? మొదలవదు. సూక్ష్మజీవి ఆనవాలు తగిలిన డెండ్రైటిక్ కణం సి.డి.80, సి.డి.86 అనే ప్రోటీన్లను తన పైపొర మీదికి ఎక్కువగా తెస్తుంది. టి-కణం మీది సి.డి.28 వాటిని తాకాలి. ఈ రెండో సంకేతం అందితేనే టి-కణం విభజన చెంది వేలకొద్దీ అవుతుంది.

మరి ఆ ముక్క మన శరీరానిదే అయితే? చనిపోయిన మన సొంత కణాలనూ డెండ్రైటిక్ కణాలు రోజూ మింగుతాయి గదా! అప్పుడు రెండో సంకేతం దాదాపు ఉండదు. పట్టుకున్న టి-కణం మొద్దుబారుతుంది, లేదా చనిపోతుంది. దీనినే సహనం అంటారు. ఆ పేరు వినగానే మా తరగతిలో నవ్వులు! కాని ఈ సహనం చెడిన పిల్లల్లో టి-కణాలు క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే కణాలనే చంపుతాయి. టైప్-1 మధుమేహం అలా వచ్చేదే. ఆ పిల్లలు ప్రతిరోజూ ఇన్సులిన్ తీసుకోవలసిందే.