మోరీ శుభ్రతకు డబ్బు ఎవరిది?

మోరీ పొంగి మురుగు మంచినీటి పైపులో కలిస్తే కామెర్లు, టైఫాయిడ్ వస్తాయి. మేము మందులివ్వగలం గాని, వీధిలో మురుగు ఉన్నంతకాలం జబ్బు మళ్లీ వస్తుంది.

మోరీ శుభ్రతకు డబ్బు మనదే. 1955 నాటి నగర చట్టం ప్రకారం ఇంటి పన్నులో డ్రైనేజీ పన్ను ఒక భాగం. పన్నుల సొమ్ముతో జి.హెచ్.ఎం.సి. టెండర్లు పిలిచి, కాంట్రాక్టర్ల చేత నాలాల పూడిక తీయిస్తుంది.

2020 అక్టోబరు వరదల్లో పాతబస్తీలోని హాఫిజ్ బాబా నగర్ మునిగింది. 2021లో నాలాల విస్తరణకు ప్రత్యేక పథకం వచ్చింది. అయితే ఎంత వెడల్పు చేసినా, ఏటా పూడిక తీయకపోతే నాలా మళ్లీ ఇరుకవుతుంది.

మనం చేయవలసినవి:

1. ఇంటి పన్ను సకాలంలో కడదాం.
2. నాలాలో చెత్త వేయవద్దు. దాన్ని తీయడానికయ్యే ఖర్చూ మనదే.
3. తీసిన పూడిక గట్టునే ఉంటే వానకు తిరిగి నాలాలోకే జారుతుంది. వెంటనే తరలించమని సర్కిల్ ఆఫీసులో ఫిర్యాదు రాసిద్దాం.