జీఐ పైపు జోలికి వెళ్లకు, నానీ

చిరంజీవి నానికి,



నీ ఉత్తరం అందింది. అంతకు ముందురోజే మీ అమ్మ ఫోన్ చేసి, వెల్డింగ్ మిషను కొన్నావనీ, ఆఫీసు పని అవగానే షెడ్డులో దూరుతున్నావనీ ఒకటే కంగారు పడింది. నేను మాత్రం సంతోషించాను. రోజంతా కంప్యూటరు ముందు కూర్చునేవాడికి చేతిపని మీద మనసు పోవడం మంచిదేరా. కానీ నీ ఉత్తరంలో ఒక్క మాట దగ్గర ఆగిపోయాను. బోరులోంచి తీసేసిన పాత జీఐ పైపులు కోసి అమ్మకి సన్నజాజి పందిరి వేస్తానన్నావు. ఆ రాత్రి సరిగా నిద్ర పట్టలేదు.

మిషను సంగతి ముందు చెప్పేస్తాను. 200 ఆంపుల ఇన్వర్టరు ఇంటి పనికి కావలసినదానికన్నా ఎక్కువే. ఇంట్లో ఉండే 16 ఆంపుల ప్లగ్గు మీద దాన్ని చివరిదాకా తిప్పితే వైర్లు కాలతాయి. 12 నంబరు రాడ్డు, అంటే 2.5 మిల్లీమీటర్లది, 70, 80 ఆంపుల మీద కాల్చు. పందిరికి అది చాలు. మా రోజుల్లో ఆటోనగర్ షెడ్డులో నూనె పోసిన ట్రాన్స్‌ఫార్మరు మిషను ఉండేది. జరపాలంటే ఇద్దరు పట్టాలి. ఆన్ చేస్తే కాళ్ల కింద గచ్చు జుమ్మనేది. నువ్వేమో ఒంటిచేత్తో పట్టుకుని ఫోటో దిగావు! ఆ ఫోటో మీ అత్తకి చూపించాను. వాడి చొక్కా పాలిస్టరులా ఉందే అంది. నూలు చొక్కా వేసుకో.

ఇక అసలు సంగతి. జీఐ పైపు మీద మెరిసేది జింకు పూత. ఇనుము కరగాలంటే 1500 డిగ్రీల దాకా వేడెక్కాలి, జింకు 907 డిగ్రీలకే ఆవిరైపోతుంది. కుట్టు పడేలోపే పూత పొగై లేస్తుంది. ఆ పొగ తెల్లగా, దూదిపింజల్లా తేలుతూ తిన్నగా మొహం మీదికే వస్తుంది.

ఒక వానాకాలం మా మేస్త్రి, జల్లు కొడుతోందని తలుపులు వేసుకుని సాయంత్రం దాకా జీఐ పైపులు అతికాడు. రాత్రయ్యేసరికి వణుకు. రెండు దుప్పట్లు కప్పినా పళ్లు టకటకలాడాయి. అందరూ మలేరియా అనుకున్నారు. తెల్లారేసరికి చెమట పట్టి జ్వరం దిగింది, మళ్లీ పనిలోకి వచ్చేశాడు. అదే జింకు జ్వరం. ఒకటి రెండు రోజుల్లో పోతుంది కాబట్టే దాన్నెవరూ లెక్కచెయ్యరు. రోజూ పీల్చేవాడికి ఒళ్లు అలవాటుపడినట్టే ఉంటుంది, ఆదివారం సెలవు పెట్టి సోమవారం మొదలెడితే మళ్లీ పట్టుకుంటుంది. పాలు తాగితే విరుగుడని షెడ్డులో ఒక నమ్మకం ఉండేది. పాలు పోయేది కడుపులోకి, పొగ పోయేది ఊపిరితిత్తుల్లోకి. ఎలా విరుగుతుంది చెప్పు?

నీ చిన్నప్పుడు చలికాలం వచ్చిందంటే నీ పిల్లికూతలు వింటూ మీ అమ్మ రాత్రంతా గోడకి ఆనుకుని నిన్ను ఒళ్లో కూర్చోబెట్టుకునేది. నీకు గుర్తుండదు, మాకు గుర్తుంది. ఇంకొకడైతే ఇంత రాయను నానీ.

అందుకని జింకు పూత లేని నల్ల ఎం.ఎస్. పైపు కొను. డబ్బు నేను పంపిస్తాను. అతికాక రెడాక్సైడు కొట్టి పైన రంగు వేస్తే ఏళ్ల తరబడి ఉంటుంది. ఆ పాత పైపులే కావాలని మొండికేస్తే, అతుకు పడే చోట అటూ ఇటూ ఒక అంగుళం గ్రైండరుతో పూత తీసెయ్. జింకు ఉన్నంతసేపు రవ్వలు లేవవు, ఇనుము తగలగానే నారింజరంగు రవ్వలు చిమ్ముతాయి. లోపలి పూతని మరిచిపోకు, గుండ్రటి ఆకురాయితో చివర్లు గీకు. తరవాత షెడ్డులో కాదు, పెరట్లో అతుకు. గాలి పక్కనుంచి తగిలేలా నిలబడు, తల పొగలోకి వంచకు. మొహానికి జేబురుమాలు కట్టుకుంటే ఆ పొగ ఆగదు, ఎన్95 మాస్కన్నా పెట్టుకో. అంతా చేసినా ఆయాసం అనిపిస్తే మిషను కట్టేసి ఆస్పత్రికి వెళ్లు, తెల్లారనీ అనుకోకు.

కళ్ల సంగతి నీకు తెలుసనే అనుకుంటాను. 10 లేదా 11 షేడు గ్లాసు లేకుండా రాడ్డు తాకించకు. ఆర్కు కొడితే అప్పుడేమీ తెలియదు, అర్ధరాత్రి కళ్లల్లో ఇసుక పోసినట్టు మొదలవుతుంది. మీ అమ్మని అటువైపు చూడొద్దని గట్టిగా చెప్పు, నువ్వు ఏం చేస్తున్నావో చూడాలని తప్పకుండా వస్తుంది.

మేస్త్రి మొదట్లో నా చేతికి రాడ్డు ఇచ్చేవాడు కాదు, కుట్టు మీద గట్టిపడే పెంకు, అదే స్లాగు, కొట్టమనేవాడు. కుట్టు కుదిరితే స్లాగు తనంతట తనే పెచ్చులుగా లేస్తుంది, కుదరకపోతే సుత్తితో పొడిచినా వదలదు. కొట్టేటప్పుడు కళ్లద్దాలు పెట్టుకో, వేడి పెచ్చు కంట్లో పడుతుంది.

పందిరి మొదలెట్టేముందు తుక్కు ప్లేటు మీద గీతలు వెయ్యి. ఎన్ని ఆంపుల మీద వేశావో పక్కనే సుద్దముక్కతో రాసి ఫోటో పంపు. గ్రైండరు మాత్రం పెట్టకు, కుట్టు ఎలా పడిందో అలాగే చూడాలి నేను.

ఇట్లు,
మీ మామయ్య